‘పడని మందులు’ అన్న గడి

మా డీటీపీ మేడమ్ గారు పోయారని గురువారం పొద్దున్న వాళ్ల తమ్ముడు తాడేపల్లిగూడెం నుంచి ఫోన్ చేసి చెప్పారు. నేనప్పుడు ఏలూరు పవర్‌పేటలోని మా షాపులో, ఒక స్కూలు పిల్లల గుర్తింపు కార్డులకు ఎక్సెల్ షీటు సిద్ధం చేస్తున్నాను. ఏడుపు వెంటనే రాలేదు. నా తరవాత ఈ షీటు చూసేవాళ్లు ఇక లేరన్న భయం ముందు వచ్చింది.

మీలో చాలామందికి ఈ పని తెలియకపోవచ్చు. ఎక్సెల్‌లో ఒక్కో మనిషికీ ఒక్కో వరుస ఉంటుంది. ఆ షీటును పేజీ డిజైనుతో కలిపితే, ఎవరి వివరాలు వాళ్ల కార్డులోకి వెళ్లి, కార్డులన్నీ వాటంతటవే తయారవుతాయి. మేడమ్ గారికి ఆ ‘వాటంతటవే’ అన్న మాటంటేనే భయం. “మెషీనుకు భయం ఉండదమ్మా, మనమే భయపడాలి” అనేవారు. పేరు వెనక మిగిలిపోయిన ఖాళీలు తీసేసి, పాత ఫాంటులో కొట్టిన తెలుగును ఏ కంప్యూటర్లోనైనా సరిగ్గా కనబడే యూనికోడ్‌లోకి మార్చి, ప్రతి వరుసా చదివాక గానీ కలపనిచ్చేవారు కాదు. పక్కన పెట్టిన టీ చల్లారిపోయేది. షీటు మూసేదాకా ముట్టేవారు కారు.

ఆ భయం దేనికో నాకు కొల్లేరులో తెలిసింది.

లంక గ్రామాల్లో వైద్య శిబిరం పెట్టేవాళ్లు కొందరు ఆరోగ్య కార్డులు వేయమని ఊరివాళ్ల వివరాలతో ఒక షీటు పంపారు. పేరు, ఆడో మగో, వయసు, షుగరు, బీపీ, చివర్లో ‘పడని మందులు’. మేడమ్ గారు ఎప్పటిలాగే ప్రతి వరుసలో అక్షరాల తప్పులు చూసి, కలిపాక కొన్ని కార్డులు షీటుతో సరిచూశారు. అన్నీ సరిపోయాయి. కార్డులు బస్సులో వెళ్లిపోయాయి. మర్నాడు ప్రింటు సరిగా రాక పక్కన పడేసిన కార్డుల కాగితాలు సర్దుతూ ఆవిడ ఆగిపోయారు. ఒక ఆడమనిషి పేరు పక్కన పురుషుడని ఉంది. దాని కింద కార్డూ అంతే. షీటు తెరిచి చూస్తే అర్థమైంది. పంపినవాళ్లలో ఎవరో పేర్లను మాత్రమే అక్షరక్రమంలో పెట్టారు. మిగతా గడులు ఉన్నచోటే ఉండిపోయాయి. పేరు ఒకరిది, జబ్బు ఇంకొకరిది.

ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. శిబిరం ఆ రోజే. ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. చేపల చెరువుల మధ్య గట్టు రోడ్డు, వానకు గుంతలు. ఆవిడ చీర చెంగు వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నారు. ఎదురుగా అంబులెన్సు వస్తే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అది శిబిరం నుంచి కాదని తరవాత తెలిసింది. అప్పుడు తెలియదు.

శిబిరం బడి వరండాలో జరుగుతోంది. ఒక మామ్మగారు బల్ల మీద కూర్చుని రవిక చెయ్యి పైకి లాక్కుంటున్నారు. నర్సు కార్డు చూసి సిరంజిలోకి మందు తీస్తోంది. మేడమ్ గారు పరుగున వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడ్డారు.

“మామ్మగారూ, ఈ మందు మీకెప్పుడైనా పడలేదాండీ?”

మామ్మగారు కాస్త ఆలోచించారు. “ఒకసారి ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడలేదండి. ఇంకెప్పుడూ వద్దన్నారు. కానీ కార్డులో లేదంటున్నారు కదండీ. ఇప్పుడు పడుతుందేమో అనుకున్నాను.”

నర్సు సిరంజి ట్రేలో పెట్టేసింది. మేడమ్ గారు ఆ కార్డు అందుకుని సంచీలో వేసుకున్నారు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఇచ్చిన కార్డులన్నీ వెనక్కి తీసుకున్నాం. ఒక్కొక్కరినీ అడిగి మళ్లీ రాసుకున్నాం. తప్పు పంపినవాళ్లదేనని నేనంటే ఆవిడ ఒప్పుకోలేదు. “అచ్చులో కనబడితే మనుషులు తమ ఒంటిని కూడా నమ్మరమ్మా” అన్నారు. అప్పట్నుంచి మనిషికో నంబరు వేయందే ఏ షీటూ ముట్టలేదు. పేరు కదిలితే మనిషి మొత్తం కదలాలని, పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవారు. నాకు అన్నం పెడుతున్న పని నేర్పింది ఆవిడే. దాంతోపాటు ఇచ్చిన భయానికి కూడా ఆవిడకు రుణపడే ఉన్నాను.

ఈ మధ్య ఆవిడ ఆయాసంతో ఆస్పత్రిలో చేరినప్పుడు చూడ్డానికి వెళ్లాను. అప్పుడే ఎవరో వచ్చి ఆవిడ మణికట్టుకు పేరున్న ప్లాస్టిక్ పట్టీ కట్టి వెళ్లారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ అందులో ఉన్నదంతా చదువుకున్నారు. తరవాత చెయ్యి నావైపు చాచారు.

“నువ్వూ ఒకసారి చూడమ్మా.”

చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాను. ఆవిడ తలూపారు గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ సన్నటి చెయ్యి నా ముందు అలాగే ఉండిపోయింది. నేను మళ్లీ మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాను.