మన్ను చూసి టైరు ఇచ్చిన చాచా

టైర్ల చాచా పోయిన సంగతి నాకు ఒకరోజు ఆలస్యంగా తెలిసింది. మందమర్రి జీపుల అడ్డా మీద చాయ్ తాగుతుంటే, గోదావరిఖని నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు చెప్పాడు. నిన్న మధ్యాహ్నం జుహర్ నమాజు కాగానే మట్టి ఇచ్చారట, దుకాణానికి తాళం పడిందట. ఎండావానల సంగతి చెప్పినట్టు చెప్పి తన లారీ వైపు వెళ్లిపోయాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నది దాటితే అవతలి ఒడ్డే కదా, ఎస్టీడీ బూతు దాకా పోయి ఒక్క ఫోను చేసేవాడు ఆ ఊళ్లో లేకపోయాడా అని లోపల్లోపలే అందరినీ తిట్టుకున్నాను. చాయ్ చల్లారేసరికి ఆ కోపం ఎవరి మీదో తెలిసింది. ఆర్నెల్లుగా వస్తా వస్తా అని కబురు పంపుతూ పోనిది నేనే.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. చాచీ నన్ను చూసి గుర్తు పట్టలేదు. ఫలానా జీపు డ్రైవర్ని అని చెప్పగానే, అంత దుఃఖంలోనూ ఆమె ముఖం కొంచెం విచ్చుకుంది. "నువ్వేనా మన్ను దొంగవు? మస్తు చెప్పెటోడు నీ గురించి," అంది. అవునమ్మా నేనే అన్నాను. ఆ పేరు నాకు చాచా పెట్టిందే. ఎందుకు పెట్టాడో చెబితే మీకు ఆయనా తెలుస్తాడు, నేనూ తెలుస్తాను.

బొగ్గుగనుల ఊళ్లో టైర్ల దుకాణాలకు కరువు లేదు. ఏ వైపు చూసినా లారీలు, ట్రాక్టర్లు, జీపులే. అందరి దుకాణాల్లోనూ నీకు ఏ టైరు కావాలని అడిగేవారు. చాచా ఒక్కడే నీ దారి ఏదని అడిగేవాడు. నోటితో చెబితే ఒప్పుకునేవాడు కాదు. ఏ దారిలో బండి నడుపుతావో ఆ దారి మన్ను దస్తీలో మూటగట్టి తెమ్మనేవాడు. తెస్తే దాని మీద ఇన్ని నీళ్లు చల్లి, అరచేతిలో పిసికి, ఉండ చేసి, బొటనవేలితో నొక్కి చూసేవాడు. వేలికి అంటుకొని వదలని నల్లరేగడి అయితే లగ్గు టైరు. అంటే మందమైన గడ్డలు ఎడంఎడంగా ఉండే బురద టైరు, తిరిగినప్పుడల్లా బురదను బయటికి విసిరేది. ఉండ పగిలి పొడి అయితే సెమీ లగ్గు. దాని గడ్డలు చిన్నవి, దగ్గరదగ్గరగా ఉంటాయి. డాంబరు మీదా, మొరం మీదా, రాళ్ల మీదా అంతో ఇంతో అన్నిటా నడుస్తుంది. తొందర ఉన్నవాళ్లు విసుక్కొని పక్క దుకాణానికి పోయేవారు. ఆయనకు ఆ ఫికరే లేదు. "టైరు బండికి కాదు, తొవ్వకు ఎయ్యాలె" అనేవాడు.

ఆయనవి ఇంకా కొన్ని అలవాట్లుండేవి. బండి ఓనరుకు సలాం చెప్పే ముందు టైరును తడిమి చూసేవాడు. పని మధ్యలో ఎంత పెద్ద మనిషి వచ్చినా లేచేవాడు కాదు. నల్లటి రబ్బరు పని చేస్తూ ఎప్పుడూ తెల్ల లాల్చీ పైజమాలోనే ఉండేవాడు. పొద్దుగూకేసరికి దాని మీద ఒక్క మరక ఉంటే ఆ రోజు పని శుభ్రంగా చేయలేదని తనమీద తనే చిరాకు పడేవాడు. నాకు ఆ పట్టుదల చూస్తే మొదట్లో నవ్వొచ్చేది. నాకు తెలివి ఎక్కువ అనుకునే రోజులవి.

ఎనభైల్లో సంగతి ఇది. అప్పుడు నేనూ గోదావరిఖనిలోనే ఉండేవాణ్ని. బొగ్గుబాయిలో పని చేస్తుండగా గని పైకప్పు నుంచి పెళ్ల ఊడిపడి నా ఎడమ మోకాలు దెబ్బతింది. దవాఖానలో నన్ను మెడికల్ అన్‌ఫిట్ చేశారు, వారసుడి కింద నా ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. మా దిక్కు ఇది మామూలే. తమ్ముడు నా టోపీ, లైటు పెట్టుకొని షిఫ్టుకు పోతుంటే నేను గడపలో కూర్చొని చూసేవాణ్ని. ముప్ఫై ఏళ్లకే ఇంట్లో ఉత్తగ కూర్చోవడమంటే ఏమిటో కూర్చున్నవాడికే తెలుస్తుంది. నేను కూర్చోదలచుకోలేదు. వేలంలో ఒక పాత జీపు తీసుకొని, కుంటుకుంటూనే డ్రైవింగు నేర్చుకున్నాను. వాగు అవతల బొగ్గు కోసం భూమిలో బోర్లు వేసే క్యాంపు ఒకటి పెట్టారు. అక్కడికి రోజూ పొద్దున ఏడింటి షిఫ్టుకు ఎనిమిది మందిని చేర్చే పని నాకు దొరికింది.

దారి పద్నాలుగు కిలోమీటర్లు. మొదట డాంబరు రోడ్డు, తర్వాత మొరం, తర్వాత వాగులో రాళ్లు, చివరన ఒక అర కిలోమీటరు నల్లరేగడి చేను. వానాకాలం వస్తోంది కదా, టైర్లు మార్చాలని చాచా దగ్గరికి బయల్దేరాను. కాని నా మనసులో టైరు ఎప్పుడో ఖాయమై ఉంది. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపర్లు ఏ గడ్డల టైర్లతో తిరుగుతాయో రోజూ చూసేవాణ్ని. మా ఊళ్లో మగాడన్నవాడి బండికి అట్లాంటి లగ్గు టైరే ఉండాలని అందరి నమ్మకం. సెమీ లగ్గు వేసుకుంటే అడ్డా మీద నవ్వుతారు. అందుకని ఏం చేశానంటే, పద్నాలుగు కిలోమీటర్ల దారిలో ఆ అర కిలోమీటరు చేను మన్ను మాత్రమే మూటగట్టి తెచ్చాను.

చాచా నీళ్లు చల్లి పిసికాడు. వేలికి అంటుకుంది. నా ముఖంలోకి చూసి, "తొవ్వంత గిదేనా?" అని అడిగాడు. అంతా ఇదేనన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. నాలుగు చక్రాలకూ లగ్గు టైర్లు ఎక్కించాడు. ఆ సాయంత్రం అడ్డా మీద నా జీపు చుట్టూ జనం మూగారు. నా అంత మొనగాడు లేడనుకున్నాను.

పదిహేను రోజులు గడిచాయి. తొలి గట్టి వాన పడింది. లారీలు బొగ్గు నింపుకొనే చోట రోడ్డు మీద రాలిన బొగ్గు పొడి వానకు తడిసి, డాంబరు మీద నల్లటి గంజి పోసినట్టు పరుచుకుంటుంది. మా ఊళ్లో సైకిలు తొక్కే పిల్లవాడికి కూడా తెలుసు ఆ సంగతి. గడ్డలు ఎడంగా ఉన్న టైరు డాంబరుకు తగిలేదే తక్కువ, ఇక ఆ గంజి మీద దానికి పట్టు ఎక్కడిది? ఎదురుగా బర్రె వస్తే బ్రేకు తొక్కాను. జీపు నా మాట వినలేదు. అడ్డం తిరిగి, జారుకుంటూ పోయి, కల్వర్టు గోడకు కొట్టుకుంది. వెనక కూర్చున్న ఎనిమిది మందిలో అందరికంటే పెద్దాయన ఉండేవాడు, అందరం కాక అనేవాళ్లం. ఆయన నుదురు పగిలి రక్తం కళ్లలోకి కారింది. తువ్వాలతో అదిమి పట్టుకొని, నన్ను ఒక్క మాట అనకుండా దిగాడు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు షిఫ్టుకు ఎవరూ చేరలేదు. క్యాంపు సారు నన్ను పిలిచి మూడు రోజుల గడువిచ్చాడు. ఆ మూడు రోజులు క్యాంపు ట్రాక్టరు వాళ్లను మోస్తుంది. నాలుగో రోజు ఏడింటికి నా జీపులో ఎనిమిది మందీ క్యాంపులో దిగకపోతే వేరే జీపును పెట్టుకుంటామన్నాడు. నాకు మళ్లీ ఆ గడపే కనబడింది.

తప్పు నాదని ఒప్పుకుంటే నేను నేనెందుకవుతాను? నేరుగా చాచా దుకాణం మీదికి పోయి, పది మందిలో నోరు పారేసుకున్నాను. నువ్విచ్చిన టైర్ల వల్లే మనుషుల ప్రాణాల మీదికొచ్చిందన్నాను. చాచా బయటికి వచ్చాడు. జీపు దగ్గర కూర్చొని టైరు మీద వేలు పెట్టి మెల్లగా తిప్పాడు. పదిహేను రోజులకే గడ్డల అంచులు నున్నగా అరిగి ఉన్నాయి. బురదలో తిరిగిన టైరు అట్లా అరగదు. అది నాకూ అప్పుడే అర్థమైంది.

"గీ టైరు రేగడి చూసింది తక్కువ, డాంబర్ చూసింది ఎక్కువ," అన్నాడు చాచా. గొంతు పెంచలేదు. "నా చేతిల మన్ను పెట్టి ఝూట్ చెప్పినవ్ బేటా. నాకు చెప్పినవ్, పోనీ. నీ ఎనక కూసున్న ఎనిమిది మందికి గూడ చెప్పినవ్."

నిలబడ్డ చోటే తల కొట్టేసినట్టయింది. ఉన్న సంగతంతా చెప్పాను. డంపర్ల ముచ్చట కూడా చెప్పాను. ఆయన విని, మన్ను దొంగా అన్నాడు. ఇక నన్ను వెళ్లిపొమ్మంటాడని అనుకున్నాను. చేతులు కడుక్కొని, రేపు దుకాణం బంద్ పెడతా, ఆ దారి నేనే చూస్తా అన్నాడు. గిరాకీ ఉండే వానల్లో దుకాణానికి తాళం వేసిన టైర్లవాణ్ని నేను అంతకుముందు చూడలేదు.

అన్నట్టే మర్నాడు వచ్చాడు. నేల మారిన ప్రతి చోటా జీపు ఆపించి, చెప్పులు చేత పట్టుకొని నడిచాడు. వాగులో దిగి రాళ్లను కాళ్లతో తడిమాడు. పద్నాలుగు కిలోమీటర్లలో పదమూడున్నర నిన్ను చంపేది ఆ లగ్గు టైరే అన్నాడు. సెమీ లగ్గు వేస్తానని, మిగిలిన అర కిలోమీటరుకు టైరు మీద కాకుండా నీ రెక్కల మీద ఆధారపడమని చెప్పాడు. చేను గట్టు దగ్గర ఆగి టైర్లలో గాలి సగం తీసెయ్యాలి, అప్పుడు టైరు చదునుగా పరుచుకొని దిగబడకుండా పోతుంది. దాటాక చేతిపంపుతో మళ్లీ గాలి కొట్టుకోవాలి. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు, రోజూ. ఈ మోకాలుతో చేయగలవా అని అడిగాడు. చేస్తానన్నాను. "నోటితోని గాదు," అని పంపు నా చేతికిచ్చాడు. నాలుగు టైర్లకూ గాలి తీసి, నాలుగింటికీ మళ్లీ కొట్టేదాకా చెట్టు కింద కూర్చొని చూశాడు. మోకాలు ఉబ్బి ప్యాంటు బిగుసుకుపోయింది. నేను మాత్రం ఆపలేదు.

నాలుగో రోజు పొద్దున క్వార్టర్ల దగ్గర జీపు ఆపితే ఎనిమిది మందీ నిలబడే ఉన్నారు, ఒక్కరూ ఎక్కలేదు. వాళ్లను అనడానికి నాకు ఏ మొహముంది? టైర్లు మార్చానని చెప్పాను. ఎవరూ కదల్లేదు. టైం పోతోంది. అంతలో చాచా ఎప్పటి తెల్ల లాల్చీలోనే నడుచుకుంటూ వచ్చి, నా పక్క సీట్లో కూర్చొని వాళ్ల వైపు తిరిగాడు.

"నేను ముందట కూసుంట. జారితె ముందుగాల నాకే తగుల్తది. మీకు నమ్మకముంటె ఎక్కుండ్రి, లేకుంటె లేదు."

కాక నుదుటి మీద కట్టు ఇంకా విప్పలేదు. ఆయనే అందరికంటే ముందు ఎక్కాడు. మిగతావాళ్లు ఆయన వెనకాల ఎక్కారు.

బొగ్గు గంజి మీద రెండో గేరులో, బ్రేకు ముట్టకుండా పోనిచ్చాను. టైరు నేలను విడవలేదు. మొరం దాటాం, వాగు దాటాం. చేను దగ్గరికి వచ్చాం. రాత్రి పడ్డ వానకు చేనంతా మెత్తగా ఉడికిన సంకటిలా ఉంది. గాలి తీశాను. చాచా కిందికి దిగి చూసి, మళ్లీ ఎక్కలేదు. ముందు బరువుంటే ముక్కు దిగబడుతుందని, వెనకవాళ్లు మాత్రం కదలొద్దని, వాళ్ల బరువు వెనక చక్రాలకు కావాలని చెప్పాడు. దాటాక మలుపు అవతల ఆగుతాను, నడిచి రమ్మన్నాను.

"చేను దాటెదాంక ఆపకు," అన్నాడు. "ఏమైన గానీ, ఆపకు. ఆపితె గాడనే దిగబడ్తవ్."

సగం దాకా బాగానే పోయింది. తర్వాత వెనక చక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. జీపు మెల్లగా కిందికి కూరుకుంటోంది. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు వెనక నుంచి ఏదో ఊతం తగిలింది. చాచా బురదలో పరుగెత్తుకొచ్చి భుజం ఆనించి తోస్తున్నాడు. చక్రాలు పట్టు దొరకబుచ్చుకొని జీపు ఒక్క ఊపున ముందుకు దూకింది. ఆనించిన భుజానికి ఆసరా పోయి ఆయన ముఖం మీద పడ్డాడు. అది చూసి నా కాలు బ్రేకు మీదికి పోయింది.

"ఆపకు బిడ్డా, ఆయననే పొమ్మంటుండు," అన్నాడు వెనక నుంచి కాక.

ఏడింటికి ఐదు నిమిషాలుండగా ఎనిమిది మందినీ క్యాంపులో దించాను. ఆ క్యాంపు ఎత్తేసేదాకా ఏడేళ్లు ఆ దారిలో నా జీపే నడిచింది. అదంతా తర్వాత సంగతి. ఆ క్షణాన నేను బ్రేకు మీది నుంచి కాలు తీసి, అద్దంలోకి చూశాను. ఆయన మోకాళ్ల మీద లేచి కూర్చున్నాడు. ఒంటి మీద తెలుపన్నది ఎక్కడా లేదు, తలా గడ్డమూ అంతా నల్లరేగడే. ఒక చెయ్యి నేలకు ఆనించుకొని, ఇంకో చెయ్యి పైకెత్తి, పో పో అని ఊపుతున్నాడు. జీపు గట్టెక్కి మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దించలేదు.