బొటనవేలి నొక్కు

ఏడేళ్లుగా ఈ మాట గొంతులోనే ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు. ఇక మోయడం చేతగాక మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, అదే మేలు.

మణుగూరులో జీపులు బాగుచేసి బతుకుతున్నాను. అడవి పల్లెలకు జీపు తోలే చాచా ఒకాయన ఉండేవాడు, పేరు వద్దు. జీపుతో వచ్చిన, గేరు రాడ్డు పైన ఉండే గుండు అరిగిపోతే, వడ్రంగి పని చేసే ఆయన తమ్ముడు జిట్రేగి చెక్కతో కొత్తది చేసి బిగించాడు. అన్న బొటనవేలు ఆనేచోట, ఆ వేలి కొలతకే చిన్న నొక్కు తీశాడు. తర్వాత చలిజ్వరం వచ్చి ఆ తమ్ముడు పోయాడు.

చూపు తగ్గాక చాచా జీపు అమ్మేశాడు. కొన్నాయన ఖమ్మం నుంచి వచ్చి టీకొట్టు దగ్గర కూర్చున్నాడు. చాచా నన్ను అడిగింది ఒక్కటే, ఆ గుండు తీసి తనకిమ్మని. లోపలి నట్టు తుప్పుపట్టి రాడ్డును కరుచుకుపోయింది.

"కిరసనాయిలు పోసి ఆగు బేటా. రేపైనా మంచిదే. నేను నమాజుకు పోయొస్త, అందాక ముట్టకు" అన్నాడు.

నేను ఆగలేదు. ఎందుకు? కొన్నాయనతో అప్పటికే అయిదు నిమిషాల పని అని గొప్పగా చెప్పేశాను. రేపు రమ్మనడానికి నామోషీ. పైపు రెంచి పట్టి తిప్పాను. ఒక్కటే చప్పుడు. గుండు రెండు చెక్కలయింది.

అప్పుడే చెప్పి ఉంటే? తిట్టేవాడు, ఏడ్చేవాడేమో, అక్కడితో అయిపోయేది. చెప్పలేదు. ముక్కలు నా పానాల డబ్బాలో దాచి, ప్లాస్టిక్ గుండు బిగించి జీపు పంపించేశాను. గుండు వచ్చిందని, లోపలి తుప్పు తీసి రెండు రోజుల్లో ఇస్తానని చాచాను నమ్మించాను. ఖమ్మం పోయి అలాంటి చెక్కతోనే లేతు మీద ఇంకొకటి చేయించాను. పాత ఇంజిన్ ఆయిలు రుద్ది నలుపు తెచ్చాను. నొక్కు మాత్రం నేనే ఆకురాయితో తీశాను. కొలతకు చాచా వేలు ఎక్కడ దొరుకుతుంది? నా వేలే పెట్టుకున్నాను.

చాచా దాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. తర్వాత గేరు వేసేటట్టు పట్టుకున్నాడు. వేలు కూర్చోలేదు. అటు జరిపాడు, ఇటు జరిపాడు.

"నా చెయ్యే మారినట్టుంది బేటా" అన్నాడు.

"అవ్ చాచా, వయసైతే గట్లనే అయితది" అన్నాను.

గుండు పగిలింది తొందర వల్ల. ఈ మాట మాత్రం నిదానంగా, తెలిసి అన్నాను. ఒక మనిషికి తన చేతి మీదే నమ్మకం పోయేలా చేశాను. ఎన్ని రాడ్లు, ఎన్ని నట్లు విప్పానో ఆ తర్వాత, చేతులు అలిసిపోయాయి గానీ ఆ మాట వదల్లేదు.

నిరుడు చాచా పోయాడు. మొన్న ఆయన బిడ్డ పాత కారు ఒకటి కొనుక్కుని నా దగ్గరికి తెచ్చింది. కొంగులోంచి ఆ గుండు తీసింది.

"అన్నా, మా అబ్బా గుండు దీనికి పెట్టు. ఆఖరిదాక చేతిలనే పట్టుకున్నడు. ఏలు కూసుంటలేదని రోజూ నొక్కి చూసుకునేటోడు." తన బొటనవేలు ఆ నొక్కులో పెట్టింది. "ఇగో, అబ్బా ఏలు ఈడనే ఉండేది."

చెబుదామని నోరు తెరిచాను. ఆమె మొహం చూసి, చెప్పకుండానే పానా అందుకున్నాను. ఆమె మీద జాలితోనా, నాకేమవుతుందన్న భయంతోనా? ఇప్పటికీ తేల్చుకోలేదు. గుండు బిగించాను. బిగించాక గేరు వేసి చూడాలి కదా. నా బొటనవేలు పోయి ఆ నొక్కులో సరిగ్గా కూర్చుంది.

అసలు ముక్కలు రెండూ ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. ఆమెకు చెప్పగలనో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. ఆ పిల్ల రోజూ వేలు పెట్టి తండ్రిని తలుచుకునే చోటు ఆయనది కాదు, నాది. ఇంత మాట బయటికి అనడానికి నాకు ఏడేళ్లు పట్టింది.