సత్తెమ్మ పలక

ఒక అబద్ధం నా వెంటే నడుస్తూ, నాతోపాటే ముసలిదైంది. మా ఆయన పోయేదాకా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీకు చెప్పగలుగుతున్నానంటే మీరు నా ముఖం చూడరు గనుకనే. పేరు కూడా రాయను. అది పిరికితనమంటే కాదనను.

అవి నైజాం రోజులు. వరంగల్ బజారులో మా బాపుకు కిరాణా దుకాణం ఉండేది. ఆ వెనక సందులోనే ఆడపిల్లల బడి. అక్కడ నా పక్కన కూర్చునేది సత్తెమ్మ. కొత్తవాడ నుంచి నడిచి వచ్చేది. వాళ్ల నాయన జంపఖానాలు నేసేవాడు. ఆమె గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఎరుపో నీలమో రంగు అంటుకుని ఉండేది. పంతులమ్మ లెక్క చెప్పడం పూర్తికాకముందే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. గర్వం మాత్రం లేదు. నాకు కష్టమైంది అదేనేమో. గర్వం ఉన్న పిల్లయితే కోపం తెచ్చుకోవడం తేలికయ్యేది.

ఆ ఏడు ఎండాకాలం సెలవులకు ముందు వారమంతా పరీక్షలు. మేం భయపడతామని పంతులమ్మ వాటిని ఆటలా చేసింది. కిటికీ వైపు ఒక జట్టు, గోడ వైపు ఒక జట్టు. నన్ను కిటికీ వైపుకు పెద్దను చేసింది, సత్తెమ్మను గోడ వైపుకు. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు కుండలోంచి నీళ్లు ముంచి ఇవ్వాలి. ఆఖరికి గెలిచిన జట్టుకు పుట్నాలు, బెల్లం. ఎక్కాల్లో వాళ్లు గెలిచారు. పద్యాల్లో మేం గెలిచాం. నీళ్లు ఇస్తూ వెక్కిరించుకునేవాళ్లం, గ్లాసులోవి మీద చల్లుకునేవాళ్లం, పంతులమ్మ కూడా నవ్వేది. మధ్యాహ్నం మాత్రం జట్లు మరిచిపోయి మేమిద్దరం ఒకచోటే తినేవాళ్లం. నాకు భాగహారం వచ్చేది కాదు. ఎదుటి జట్టు పిల్లనని కూడా చూడకుండా ఆమే నేర్పింది, దుమ్ములో వేలితో గీసి.

అప్పుడే ఒక మాట చెప్పింది. "లెక్కలల్ల ఫస్టొస్తే ఇంకో ఏడాది సదివిస్త అన్నడు మా నాయిన. లేకపోతే ఇగ మగ్గం కాడికే." నవ్వుతూ చెప్పింది. ఫస్టు రాకపోవడమనేది ఆమె ఊహలో లేదు.

చివరి రోజు లెక్కల పరీక్ష. రాయడం అయ్యాక ఇద్దరం పలకలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. ఆమెవి అన్నీ సరిగ్గా ఉన్నాయి. నాది ఒకటి తప్పు. పలకలన్నీ బల్ల మీద పెట్టి అందరూ బయటికి పోయారు. పంతులమ్మ అన్నానికి పోయింది. నేను నీళ్లు తాగడానికి లోపలికి వచ్చాను. నిజంగా నీళ్లకే వచ్చాను. ఇది మీరు నమ్మాలని ఉంది. నమ్మితే ఏం మారుతుంది?

వేలు తడిగా ఉంది. ఆమె పలక పైనే ఉంది. ఒక అంకె తుడిచాను. బలపంతో ఇంకో అంకె వేశాను. కింది లెక్కలో మరొకటి. ఆమె రాత ఎలా ఉంటుందో నాకు తెలుసు. గెలవాలనా? అదొక్కటే కాదు. ఆమె తప్పు చేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించింది. మరి వాళ్ల నాయన అన్న మాట ఆ క్షణాన నాకు గుర్తులేదా? లేదనే ఇన్నేళ్లూ చెప్పుకున్నాను, చిన్నపిల్లను, అంత దూరం ఎలా ఆలోచిస్తాను అని నాతో నేనే వాదించుకున్నాను, కొన్నిసార్లు ఆ వాదనలో నెగ్గాను కూడా. గుర్తుంది. అంకె తుడుస్తున్నప్పుడు కూడా గుర్తుంది.

పంతులమ్మ మార్కులు చదివింది. సత్తెమ్మ లేచి నిలబడింది.

"అమ్మా, నేనట్ల రాయలె."

"పలక నీదేనా?"

"నాదే."

"రాత?"

ఆమె పలకను దగ్గరగా పట్టుకుని చూసింది. "నా రాతలెక్కనే ఉన్నది" అని నా వైపు తిరిగింది. "నువ్ సూసినవ్ గద పిల్లా. నేనేం రాసిన్నో జెప్పు."

అందరూ నన్నే చూశారు.

"నాకు యాదికి లేదు" అన్నాను.

ఆమెకు నా మీద అనుమానం రాలేదు. వచ్చినా బాగుండేది. కాసేపు పలకనే చూసి, నెమ్మదిగా, "నేనే తప్పు రాసిన్నేమో" అని కూర్చుంది.

గెలిచిన మా జట్టుకు పంచిన పుట్నాలు నోట్లో వేసుకున్నాను. మింగలేక చాలాసేపు బుగ్గలోనే ఉంచుకున్నాను. అప్పుడు చెప్పొచ్చు. మరునాడు చెప్పొచ్చు. వాళ్ల నాయన బడి గడప దగ్గర నిలబడి పంతులమ్మకు దండం పెట్టి బిడ్డను తీసుకుపోతున్నప్పుడైనా చెప్పొచ్చు. ఒక్కరోజు ఆలస్యమైతే ఆ ఆలస్యానికి కూడా జవాబు చెప్పాలి కదా. అలా రోజు రోజుకూ తలుపు బిగుసుకుపోయింది. బిగించింది నేనే.

చెప్పాలనే కొత్తవాడకు పోయేదాన్ని. ఉత్త చేతులతో పోలేక పాత పుస్తకమో, బెల్లం ముక్కో పట్టుకుపోయేదాన్ని. ఆమె సంబరపడేది. ఎవరొచ్చినా "బడి మానేసినా నన్ను ఇడిసిపెట్టని దోస్తు" అని చూపించేది. ఆ మాట విన్నాక నోరెలా తెరవను? నేను పెద్ద చదువు చదివాను, పంతులమ్మనయ్యాను. ఆమె పెళ్లయ్యాక కూడా అదే వాడలో మగ్గం మీదే ఉంది. ఆమె పిల్లలు నన్ను పెద్దమ్మా అని పిలిచారు.

ఇంకొకటి కూడా చూశాను. ఆమె మగ్గం మీది పడుగు పోగులు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, అయినా నమ్మకం కుదరక చెల్లెల్ని పిలిచేది. పెళ్లయ్యాక మొగుణ్ని పిలిచేది. "నాకు లెక్క రాదు, జర నువ్వు సూడు" అనేది. పోగులు ఎప్పుడూ సరిగ్గానే ఉండేవి. నేను తుడిచింది పలక మీది అంకెలనేనా?

పోయిన నెల కొత్తవాడకు పోతే ఆమె మనుమరాలు గుమ్మంలో కూర్చుని ఉంది. బడి వేళ. ఎందుకు పోలేదని అడిగాను.

"దానిది నా తలకాయనే" అంది సత్తెమ్మ, లోపల మగ్గం మీంచే. "లెక్క ఎక్కది. ఈయేటితోని బడి బంద్ జేపిత్తానం."

ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, మాట బయటికి వచ్చేసింది. నీళ్లకు రావడం, తడి వేలు, రెండు అంకెలు, యాదికి లేదనడం. ఏడవలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదారుస్తుందని భయం. ఆమెది అలాంటి మనసు.

మగ్గం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. నా వైపు తిరిగి అడిగింది.

"అంటే, నేను సరిగ్గనే రాసిన్నా?"

"సరిగ్గనే రాసినవు. అన్నీ."

ఆ ముఖంలో ఏముందో నేను చెప్పలేను. కోపమని రాస్తే చిన్నమాట అవుతుంది. తలవంచి చేతుల వైపు చూసుకుంది. తర్వాత, గొంతు పెంచకుండా, "ఇగ నువ్ పో" అంది.

వచ్చేశాను. ఆమె కబురు పంపలేదు. నేను మళ్లీ పోలేదు. మనుమరాలు బడికి పోతోందో లేదో అడగడానికి కూడా నాకు ముఖం లేదు. క్షమించమని అడగలేదు. అడిగితే అది ఆమె మీద వేసే ఇంకో బరువు. బడి, చదువు, తన తెలివి మీద తనకుండాల్సిన నమ్మకం, వీటిలో ఏదీ నేను తిరిగి ఇవ్వగలిగింది కాదు.

అయినా ఆ రోజు నుంచి ఛాతీలో ఏదో వదులైంది. ఆ వదులు నాకు రాకూడనిది, అయినా వచ్చింది. ఇంతకాలం నన్ను మంచిదాన్నని అనుకున్నవాళ్లే నా చుట్టూ ఉన్నారు. ఇప్పుడు నేనెవరో తెలిసిన మనిషి ఒకరున్నారు. మీతో ఇద్దరు.