ఇరవై ఎనిమిది దగ్గర టిక్కు

మా మేనత్త పోటీ పరీక్షల నమూనా పేపర్లకు లెక్కలు తయారుచేస్తుంది. సగటులు, మధ్యగతాలు, సంఖ్యా సమితులు ముప్పై ఏళ్లుగా ఆమె సొత్తు. పక్క బల్ల నాది. ఆమె టిక్కు పెట్టిన జవాబు సరిచూసి సంతకం చేయడం నా ఉద్యోగం. లెక్కల్లో అంత దిట్టకు టీ పెట్టడం మాత్రం రాదు. ఒకసారి తాగినవాళ్లు రెండోసారి అడగరు.

ఊహించి అంకెలు వేయడం అత్తకు గిట్టదు. వయసుల లెక్క వచ్చిందంటే మా ఇంట్లోవాళ్ల వయసులే వేస్తుంది. ఇంటిగుట్టు పేపరుకెక్కిస్తున్నావని ఆటపట్టించేదాన్ని. ఎదురుగా ఉన్న మనిషి అంకె అబద్ధమాడదనేది అత్త.

అప్పట్లో ఇంట్లో ఐదుగురం. ఒక సగటు తప్పొచ్చింది. చూస్తే తాతయ్యను వదిలేసి నలుగురితో భాగించింది. పెద్దాయన్ని భలే మరిచావని నవ్వుకుంటూ దిద్దాం. ఆ నెలాఖరుకే తాతయ్య పోయాడు. రెండేళ్ల తర్వాత మరో లెక్కలో మావయ్య జారిపోయాడు. దిద్దేటప్పుడు ఎవరమూ నవ్వలేదు. పదిహేను రోజులకు ఆయనా పోయాడు. దిద్దినా ఆగలేదు.

మొన్న మధ్యాహ్నం అత్త నా బల్ల మీద కొత్త లెక్క పెట్టింది. ముగ్గురి వయసులు 58, 34, 10. ఆరేళ్ల తర్వాత వాళ్ల సగటు వయసెంత? అంటే అత్త, నేను, నా కూతురు. కింద నాలుగు జవాబులు. టిక్కు 28 దగ్గర ఉంది.

ఆరేళ్లకు 64, 40, 16. మొత్తం 120, సగటు 40. మరి 28 రావాలంటే ఎవరో ఒకరు తగ్గాలి. ముందు పాపను తీసేసి చూశాను. 52 వచ్చింది. పాప కాదు. పోయిన ప్రాణం లేచొచ్చింది. తర్వాత అత్తను తీసేశాను. 40, 16 కలిపితే 56, అందులో సగం 28. అప్పుడు కూడా నాకు సంతోషమే మిగిలి ఉంది. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

తలెత్తితే అత్త నన్నే చూస్తోంది.

“పాపా?”

“కాదత్తా.”

“నువ్వా?”

తల అడ్డంగా ఊపాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి అమ్మయ్య అనుకుంది.

ఎర్ర పెన్ను తీసి 40 దగ్గర పెట్టబోయాను. అత్త నా మణికట్టు పట్టుకుంది.

“నలభై పెట్టొద్దే. నిన్ను తీసేసి చూడు.”

64, 16 కలిపితే 80. సగం 40. ముగ్గురం ఉన్నా నలభయ్యే, నేను లేకపోయినా నలభయ్యే.

“రెంటిలో ఏదో మనకేం తెలుసు? పాపకు పదేళ్లే. ఇరవై ఎనిమిదికైతే ఒక్కటే అర్థం.”

అమ్మ లేని నన్ను పెంచింది ఈ చేతులే. వాటిని విదిలించుకుని 40కి టిక్కు పెట్టాలని ఎంతో అనిపించింది. అంతలో పేపరు కోసం ప్రింటింగ్ అతను తలుపు దగ్గర నిలబడ్డాడు. పిల్లలు వేలమంది రాసే పేపరది. ఇన్నేళ్లలో తప్పు జవాబుకు నేను సంతకం పెట్టలేదు.

28 పక్కనే సంతకం పెట్టి ఇచ్చేశాను.

అత్త నా చేయి వదిలి, కొత్త కాగితం తీసుకుని తర్వాతి లెక్క మొదలుపెట్టింది. ఇద్దరి వయసులు 34, 10 అని రాసుకుంది.