అన్న ఎడమవైపు

మా అన్న బాల్ బ్యాడ్మింటన్‌లో జిల్లా చాంపియన్. ఆయన ఆటలో ఒక పెద్ద లోపం ఉందని మా ఊరు మెట్‌పల్లిలో బ్యాటు పట్టిన ప్రతివాడికీ తెలుసు, ఆయనకు తప్ప. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టిందంటే ఆ తప్పులో నా వాటా ఎంతో మీరే అనుకోండి.

మేము సాలెవాళ్లం. అన్న పదేళ్లప్పుడే గుంట మగ్గంలోకి దిగాడు. కాళ్లు గుంటలో తొక్కుడు చెక్కల మీద, నడుము కదలకుండా కూర్చుని, కుడిచేత్తో తాడు గుంజితే పేక నూలు మోసే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతుంది. పొద్దంతా అదే గుంజుడు. ఆటలో ఆయనకు కలిసొచ్చింది కూడా అదే. కుడివైపు వచ్చిన ఉన్ని బంతిని మణికట్టుతో ఒక్క విసురు విసిరితే, అది నెట్టు దాటగానే చప్పున కిందికి వాలేది. మంథని నుంచి, హుస్నాబాద్ నుంచి వచ్చిన జట్లు ఆ దెబ్బకే నెత్తి పట్టుకునేవి.

కానీ ఎడమవైపు భుజం ఎత్తులో బంతి వస్తే నడుము తిప్పి, బ్యాటును అడ్డంగా తేవాలి. ఆయన నడుము తిరిగేది కాదు. చెయ్యి ఒక్కటే వచ్చేది. బంతి బ్యాటు అంచుకు తగిలి ఎటో పోయేది.

పందేల్లో ఈ సంగతి బయటపడకుండా కాసింది నేనే. ఐదుగురి ఆటలో వెనక కుడి మూల ఆయనది, ఆయనకు ఎడమ పక్క నాది. అటు వచ్చిన ప్రతి బంతికీ నేనే ఎగబడేవాణ్ణి. అన్న బంతులు కూడా లాక్కుంటాడు, వీడికి ఆత్రమెక్కువ అని జనం నవ్వేవారు. నవ్వనిచ్చాను. ఇక రోజూ సాయంత్రం మాలో మేం ఆడుకునేటప్పుడైతే ఆయన ఎడమకు ఎవరూ కొట్టేవారే కాదు. పెద్దవాడాయె, ఊరి పరువు నిలబెట్టినవాడాయె. పైగా ఆ కుడిచేతి దెబ్బ చూడడం అందరికీ పండగ. చూడాలంటే బంతి కుడికే వెయ్యాలి కదా. ఊరంతా కలిసి, ఎంతో మర్యాదగా, ఆయనకు సగం ఆటే నేర్పాం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడు నాలుగేళ్లకు, ఆదిలాబాద్ జిల్లాలో ఒక కార్ఖానావాళ్లు తమ జట్టు కోసం ఆటగాళ్లను పనిలోకి తీసుకుంటున్నారని కబురొచ్చింది. అప్పటికి నూలు సరిగ్గా దొరక్క మా మగ్గం వారంలో సగం రోజులు ఊరికే ఉండేది. అన్నకు ముప్పై నిండుతున్నాయి. ఇది తప్పితే ఆయన ఆ గుంటలోంచి బయటపడే దారి లేదు, ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. వదిన అప్పుడే గుంట పూడ్చి ఆ జాగాలో వడ్ల గుమ్మి పెట్టుకుందామని లెక్కలు వేసుకుంది.

అన్న, నేను, మా ఊరివాళ్లు మరో ఇద్దరు పోయాం. ఎంపిక చేసే అధికారి కోస్తావైపు మనిషి, సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. వచ్చినవాళ్లందరినీ రెండు జట్లుగా విడదీశాడు. అన్న నెట్టుకు అవతల, మేం ముగ్గురం ఇవతల పడ్డాం. ఇప్పుడు ఆయన ఎడమ పక్కన కాసేవాడెవడు? ఇవతల నుంచే కాపు కాద్దామనుకున్నాను. నా చేతికొచ్చిన ప్రతి బంతినీ ఆయన కుడికే అందించాను. మిగతా ఇద్దరూ అంతే. అన్న ఆ రోజు ఆడినట్టు ఎన్నడూ ఆడలేదు. మేం ఓడిపోతున్నందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

అధికారి ఆట ఆపించి నా దగ్గరికి వచ్చాడు.

"ఇందాకటి నుంచి చూస్తున్నాను. మీ ముగ్గురూ ఒక్క బంతి కూడా ఆయన ఎడమకి వెయ్యలేదు. ఎందుకని?"

ఆయన జవాబు కోసం ఆగకుండా వేరే ఊరివాణ్ణి పిలిచి, అటే కొట్టమన్నాడు. నాలుగు బంతులు కొట్టించాడు, నాలుగూ పోయాయి. ఐదోదానికి అన్న బంతికి అవతలి పక్కకు ఉరికి దాన్ని కుడివైపుకు తెచ్చుకోబోయి బోర్లా పడ్డాడు. అధికారిని తిట్టుకోవడానికి కూడా ఏమీ లేదు, ఆయన పని ఆయన చేశాడు. మా ఊరివాళ్లం ఎవరం ఎంపిక కాలేదు.

తిరుగు దారిలో గోదావరి దాటినాక అన్న నా వైపు చూడకుండానే అడిగాడు.

"నీకు ఎప్పటిసంది ఎర్క?"

మొదటి నుంచీ తెలుసన్నాను. చెబితే నీ మనసు నొస్తదని చెప్పలేదన్నాను.

"గప్పుడే చెప్తే నడుము తిప్పుడు నేర్సుకుంటుంటి. ఇప్పుడు యాడ తిరుగుతదిరా?"

అయినా మర్నాటి నుంచి రోజూ సాయంత్రం నన్ను మైదానానికి తీసుకుపోయి, ఎడమకే కొట్టమనేవాడు. వానాకాలం పోయి చలికాలం వచ్చింది. నడుము తిరగలేదు. పందేలకు పోవడం మానేశాడు. వదిన గుంట పూడ్చే మాట మళ్లీ ఎత్తలేదు. ఒకనాడు వరసగా అన్ని బంతులూ పోయి, ఆయన నడుం పట్టుకుని నిలబడితే నాకు చూడబుద్ధి కాలేదు. ఒక బంతి కుడికి వేశాను.

ఆయన బ్యాటు ఎత్తలేదు. పక్కన పడ్డ బంతిని తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

"మళ్ల గదే చేసినవ్," అన్నాడు.

బ్యాటు కూడా నాకే ఇచ్చి ఇంటికి నడిచాడు. ఆ తర్వాత ఆయన మైదానానికి రాలేదు.