కొసరు నూనె

మా ట్రక్కులు మదనపల్లె మార్కెట్ యార్డు గేటు దాటేసరికి ఉదయం ఐదూ నలభై. తొంభైల చివర్లో, ఎన్నికల బందోబస్తు. మాఘమాసం. కంబళి కప్పుకున్నా పళ్లు టకటకలాడుతున్నాయి. మాది కేంద్ర రిజర్వు బలగం. ఊళ్లవాళ్ల లెక్కలో ఖాకీ వేసుకుని హిందీ మాట్లాడే వాళ్లంతా మిలిటరీనే. నేను ఆ కంపెనీకి ఆర్మరర్‌ని, అంటే తుపాకుల మంచీచెడ్డా చూసే నాయక్‌ని.

సొంత ఊరికి డ్యూటీ మీద వస్తే మర్యాద దొరుకుతుందనుకున్నాను. గేటు దగ్గర టమాటా గంపలు దించుతున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వు అంగడోళ్ల పిల్లోడివి కదప్పా? యాల నీకీ తుపాకీ? తక్కెడ బరువైపోయిందా?"

ట్రక్కులోని వాళ్లంతా నవ్వారు. అప్పటికే వాళ్లు నాకు పెట్టిన పేరు దుకాణం.

ఆర్డర్లు ఆరున్నరకు చదివారు. మదనపల్లెలో పదిహేను రోజులు, పుంగనూరులో పది, కుప్పంలో పోలింగు అయ్యేదాకా. రోజూ ఊళ్ల వెంట కవాతు. ఎక్కడా మమ్మల్ని మంచినీళ్లు కావాలా అని అడిగిన ఊరు లేదు. తంబళ్లపల్లె వైపు ఒక ఊళ్లో రెండు వర్గాలు ఎదురెదురు అరుగుల మీద కూర్చుని, మేం నడుస్తుంటే రెండు వర్గాలవాళ్లూ ఒకేసారి ఉమ్మారు. ఆ ఒక్క విషయంలోనే వాళ్లకు ఐకమత్యం.

మా కంపెనీ కమాండర్ సాబ్ నడుముకు ఒక పిస్టల్ ఉండేది. తొమ్మిది మిల్లీమీటర్లు, పదమూడు గుండ్లు. యుద్ధకాలం నాటి సరుకు. ఒక బలగం వద్దనుకుంటే ఇంకో బలగానికి, అక్కడినుంచి మాకు వచ్చింది. ఒక నంబరు కొట్టేసి ఇంకో నంబరు కొట్టారు. నలుపు పూత అంచుల దగ్గర పోయి తెల్లగా మెరిసేది. కొత్తది తీసుకోండి సాబ్ అంటే ఆయనకు కోపం. దాన్ని రోజూ తుడిచి నూనె రాసేవాడు ఆయన సహాయక్ మునెప్ప. ఊరు బైరెడ్డిపల్లె దగ్గర పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. లాన్స్ నాయక్ పట్టీ కోసం అతని కాగితం పైకి వెళ్లి ఉంది. ఇంకో నెలలో చేతి మీద ఒక పట్టీ.

మూడో రోజు ఆయుధాల నూనె అయిపోయింది. డబ్బా పాత క్యాంపులోనే మరిచి వచ్చారు. బజారులో కుట్టుమిషన్ నూనె కొనమని సాబ్ నన్ను పంపాడు. ఉదయం పదిన్నర. అంగడిలో ఒకామె కూర్చుని ఉంది. నేను అంగడిలో పుట్టినవాణ్ని కదా, సీసాల నూనె చూసి ముఖం తిప్పుకున్నాను. లూజు అడిగాను. ధర చెప్పగానే వెళ్లిపోతున్నట్టు మెట్టు దిగాను. వెనక్కి పిలిచింది. మళ్లీ దిగాను. మళ్లీ పిలిచింది.

"ఏమప్పా, మిలిటరీవా, మార్వాడీవా? నా ప్రాణం తీస్తాండావు."

"ఈ ఊరోణ్ణే అమ్మా. పొయ్యి, నూనె పొయ్యి."

నేను తెచ్చిన క్యాను నిండింది. మనవైపు బేరం అంతటితో ముగియదు. కొలత అయ్యాక కొసరు వెయ్యాలి. మునెప్ప తన చిన్న సీసా నింపుకురమ్మని నా జేబులో పెట్టి ఉన్నాడు. దాన్ని చాచాను.

"కొసరు?"

ఆమె నన్ను చూసింది. వెనక్కి తిరిగి, కింద ఉన్న ఇంకో టిన్ను వంచి సీసా నింపింది. అది మిషన్ నూనె టిన్ను కాదని నా కళ్లు చూశాయి. గెలిచిన సంబరంలో బుర్ర చూడలేదు. క్యాన్‌లోని నూనె రైఫిళ్లకు పోయింది. సీసా మునెప్పకు ఇచ్చాను.

"సాబ్ పిస్టల్‌కి ఊరికే వచ్చిన నూనెరా అప్పా. రాసుకో," అన్నాను గొప్పగా.

పుంగనూరుకు మారిన నాలుగో రోజు, ఉదయం ఏడింటికి, ఊరి బయట గుట్ట మొదట్లో కాల్పుల పరీక్ష. మంచు ఇంకా విడవలేదు. రైఫిళ్లన్నీ పేలాయి. సాబ్ పిస్టల్ ఎత్తాడు. ఒకటి. రెండు. మూడో గుండు పేలింది కానీ ఖాళీ తూటా బయట పడలేదు. పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జారే స్లైడు నోట్లో నిలువుగా ఇరుక్కుంది. దులిపి మళ్లీ కాల్చాడు. మళ్లీ అంతే. గుట్ట మీద మేకలు కాస్తున్న ఇద్దరు గట్టిగా నవ్వారు.

"సూడు, మిలిటరీ సారుది తుమ్మింది!"

సాబ్ ముఖం ఎర్రబడింది. ఆయన నవ్విన వాళ్లవైపు తిరగలేదు. మునెప్పవైపు తిరిగాడు.

"పోలింగు రోజు నా మీదికి ఎవడైనా వస్తే ఇది ఇట్లాగే నోరు మూసుకుంటుందా? నువ్వు తుడిచేది ఇదేనా?" అన్నాడు హిందీలో. తర్వాత నాతో, "సాయంత్రం ఆరింటికి ఇది బాగవ్వాలి. కారణం రాసి, బాధ్యుడి పేరు రాసి తేవాలి."

పేరు రాస్తే సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా పడుతుంది. ఎర్ర సిరా పడితే మునెప్ప పట్టీ పోతుంది. అది ముగ్గురికీ తెలుసు.

గోదాములో బల్ల మీద గోనెపట్ట పరిచాను. గుండ్లు పట్టే మ్యాగజైన్ తీశాను. ఛాంబరు ఖాళీయేనని కళ్లతో ఒకసారి, వేలితో ఒకసారి చూశాను. మునెప్ప ఎదురుగా నిలబడ్డాడు.

"అన్నా, నేను దినామూ తుడస్తా ఉండాను. నీకు తెలుసు."

"తెలుసప్పా. కూసో."

మొదట మ్యాగజైన్‌ను అనుమానించాను. గుండును పట్టి ఉంచే దాని పెదవులు వంగలేదు. వేరేది పెట్టి, పేలని డ్రిల్ గుండ్లతో చేత్తో ఆడించాను. స్లైడు ముందుకు వచ్చి, చివర గోరంత దూరంలో బద్ధకించి ఆగింది. తర్వాత స్లైడును ముందుకు నెట్టే స్ప్రింగు. విడిగా ఉన్న కొత్తదాని పక్కన పెడితే పాతది రెండు చుట్లు పొట్టి. మార్చాను. నాకు ప్రాణం లేచి వచ్చింది. ముసలి స్ప్రింగు మీద నెట్టేస్తే ఎవరి పేరూ అక్కర్లేదు. మళ్లీ ఆడించాను. మళ్లీ అదే బద్ధకం.

ఇక మిగిలింది పంజా. తూటా అంచును పట్టుకుని వెనక్కి లాగే కొక్కెం. పాత మోడల్ కాబట్టి అది స్లైడు లోపలే దాక్కుని ఉంటుంది. వెనక రేకు జరిపి, గుండును పొడిచే సూది తీస్తే గాని బయటికి రాదు. అంత లోపలికి విప్పే అధికారం సహాయక్‌కు లేదు. ఆ పని ఆర్మరర్‌ది, నెలకోసారి. ఆ నెల నేను విప్పలేదు.

తీశాను. పంజా వెనక గాడిలో బెల్లం పాకంలా ఏదో గట్టిపడి ఉంది. దుమ్మూ మసీ కలిసి నల్లబడింది. అగ్గిపుల్లతో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చేదు వాసన. కానుగ నూనె. బండి ఇరుసులకు పోసేది. మా నాయన అంగట్లో ఆ టిన్ను పక్కనే పడుకుని పెరిగినవాణ్ని నేను.

మునెప్ప నా ముఖం చూసి సీసా మూత తీసి వాసన చూశాడు. మూత పెట్టి, సీసా బల్ల మీద నా వైపు జరిపాడు.

కిరసనాయిలుతో కడిగాను. బ్రష్షు వేశాను. పొడిగుడ్డతో ఆరబెట్టాను. క్యాన్‌లోని మంచి నూనె తడి తెలిసీ తెలియనంత రాశాను. ఐదూ పదికి గుట్ట దగ్గర పదమూడు గుండ్లూ పేల్చాను. పదమూడు ఖాళీ తూటాలూ కుడివైపు ఎగిరి పడ్డాయి.

ఆరింటికి సాబ్ ముందు కాగితం పెట్టాను. కారణం: పాత స్ప్రింగు, బజారు నూనె గట్టిపడుట. పేరు దగ్గర ఖాళీ.

"నూనె రాసింది ఎవరు?"

"సాబ్, పిస్టల్ కూడా పాతది. స్ప్రింగు..."

"పిస్టల్ గురించి అడగలేదు. ఎవరు రాశారు?"

"రోజూ రాసేది మునెప్ప, సాబ్. కానీ అతని తప్పు లేదు. పది రోజులు అదనపు గార్డు వేయండి సాబ్, సరిపోతుంది."

"దుకాణం, బేరాలు బజారులో ఆడు."

నూనె తెచ్చింది నేను సాబ్. పంజా విప్పనిది నేను. ఈ రెండు ముక్కలు నాలుక చివరి వరకూ వచ్చాయి. నా హవల్దారు కాగితం కూడా పైన ఉంది. ఒక మెట్టు దిగితే సాబ్ వెనక్కి పిలుస్తాడేమోనని, సలాం కొట్టి రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన పిలవలేదు. ఎర్ర కలం తీసి ఖాళీ తనే నింపాడు.

మునెప్ప బయట ఇసుక బస్తాల పక్కన నిలబడి ఉన్నాడు.

"సెప్పినావా అన్నా?"

"సెప్పినాను. స్ప్రింగు పాతదని..."

"నూనె యాడిదో సెప్పినావా?"

నేను నేల చూశాను.

"బేరం నీది. కొసరు నాకా?" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ తర్వాత తనంతట తాను నాతో మాట్లాడనూ లేదు.

కుప్పంలో పోలింగు రోజు అతను ఒక పోలింగు బూత్ దగ్గర, నేను రిజర్వు జీపులో. ఉదయం తొమ్మిదీ ఇరవైకి అక్కడ రాళ్లు పడ్డాయి. వైర్‌లెస్ సెట్టులో నేనే అడిగాను.

"మునెప్పా, దెబ్బలేమైనా తగిలినాయా?"

"కంట్రోల్‌కి రిపోర్టు ఇచ్చినాను. సెట్టు ఖాళీ చెయ్యండి," అన్నాడు. 'ఖాళీ చెయ్యండి' అన్నాడు, 'అన్నా' అనలేదు. పది నిమిషాల్లో గుంపు చెదిరింది. సాబ్ పిస్టల్ తొడుగులోంచి బయటికి రానేలేదు. ఏ రోజు కోసం ఇంత జరిగిందో ఆ రోజున దాని అవసరమే పడలేదు.

పోలింగు అయిన మూడో రోజు తిరుగు ప్రయాణం. కుప్పం స్టేషను, మధ్యాహ్నం రెండు. సామాను వ్యాగన్‌లోకి ఎక్కిస్తున్నాం. నాకు హవల్దారు వచ్చింది ఆ తర్వాతి ఏడాదే. ఇప్పుడు మదనపల్లెలో మా నాయన అంగట్లో కూర్చుంటున్నాను. వచ్చినవాళ్లు మిలిటరీ కథలు చెప్పమంటారు. రాళ్లు పడిన సంగతి చెప్తాను. కింద రాసేది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం కుప్పం ప్లాట్‌ఫారం మీదికి ఒక ముసలాయన వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో ఉడకబెట్టిన చెనిక్కాయల, అంటే వేరుశనగల, మూట. మునెప్ప నాయన. కొడుకు మోచేతి పైన చొక్కాను బొటనవేలితో అటూ ఇటూ తడిమాడు.

"యాడప్పా పట్టీ? వచ్చిందని మీ అమ్మతో సెప్పేసినానే."

"ఆ సొక్కా ఉతకనేసినాను నాయినా," అన్నాడు మునెప్ప.

ముసలాయన తల ఊపాడు. నావైపు తిరిగి, "నువ్వేనా అప్పా మదనపల్లె అన్నవి? మావోడు జాబు రాసినప్పుడల్లా నీ మాటే," అని చెనిక్కాయల మూట నా చేతిలో పెట్టాడు. అప్పుడూ ఆయన రెండో చెయ్యి కొడుకు చొక్కా మీదే ఉంది. బొటనవేలు ఆ ఖాళీ గుడ్డ మీద అటూ ఇటూ కదులుతూనే ఉంది.