ఇరవైకి పదమూడు

మొన్న ఆదివారం సిద్దిపేటలో మా చిన్నమ్మ సంతాప సభ జరిగింది. బడుల్లో సైన్సు చెప్పే తీరునే మార్చిన మనిషని వక్తలంతా పొగిడారు. నన్నూ మాట్లాడమన్నారు. లేచి, దండం పెట్టి కూర్చున్నాను. అక్కడ నోట రానిది ఇక్కడ రాస్తున్నాను.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. చాయ్ ఎంతసేపు మరిగిందో కూడా గడియారం చూసి చెప్పే రకం. పదో తరగతిలో నాకు సైన్సు టీచరు. అప్పట్లో ప్రయోగాల రికార్డుకు ఎవరికైనా ఇరవైకి ఇరవై పడేవి. ప్రయోగం మాత్రం ఎవరూ చేసేవారు కాదు. చిన్నమ్మ వచ్చాక ప్రయోగ సామాన్ల బీరువా తెరిపించి, కిటికీలకు దుప్పట్లు కట్టి, కొవ్వొత్తి వెలిగించి, కటకంతో గోడ మీద తలకిందుల మంటను చూపించింది. కటకం నాభ్యంతరం ఎన్ని సెంటీమీటర్లో ఎవరి కొలతలు వాళ్లే తీసుకోమంది. చింతమడక నుంచి ఆటోలో వచ్చే నా పక్క బెంచీ పిల్ల తొమ్మిదిన్నర, పదకొండు అని తనకు వచ్చినవే రాసింది. నేను ఇంట్లో కూర్చుని, జవాబు సరిగ్గా పది వచ్చేలా వెనక నుంచి లెక్కగట్టి రాశాను.

"గివన్నీ పదికే ఎట్ల వచ్చినయే?"

"కటకం మీద పదనే ఉంది గద చిన్నమ్మా."

"మరి నువ్వేం చూసినవ్?"

 ఆ పిల్లకు ఇరవై, నాకు పదమూడు వేసింది. ఆ ఏడు మార్కులు తగ్గడంతో పదికి పది జీపీఏ చేజారింది. దానితో వస్తుందనుకున్న ట్రిపుల్ ఐటీ సీటూ పోయింది. బాపు ఆమె ఇంటికి వెళ్లాడు.

"మనింటి పిల్లకే గిట్ల జేస్తే ఎట్లమ్మా? అంతట అందరికి ఇరవై ఏస్తలేరా?"

"గది ఆపాల్నంటే ఏడనో ఓ కాడ మొదలువెట్టాలె గద బావా. మనింట్లనే వెట్టిన."

మిగతా తల్లిదండ్రులు కూడా పైకి ఫిర్యాదులు పంపారు. ఆమెను దుబ్బాక దిక్కు బదిలీ చేశారు. రోజూ బస్సులో పోయి వస్తూ, ప్రయోగాల మార్కుల గురించి అధికారులకు ఉత్తరాలు రాస్తూనే ఉండేది. నేను ఆమెతో మాట మానేశాను. పెళ్లిళ్లలో ఎదురైతే పక్కకు తప్పుకునేదాన్ని.

సిద్దిపేటలోనే డిగ్రీ, బీఈడీ చేసి నేనూ సైన్సు టీచరునయ్యాను. ఒక శిక్షణలో కొత్త చేతిపుస్తకం ఇచ్చారు. అందులో ఒక వాక్యం: "విద్యార్థి తాను చూసిన కొలతనే రాయాలి, అది పుస్తకంతో కలవలేదని మార్కులు తగ్గించరాదు." వెనక పేజీలో, తయారు చేసినవాళ్లలో ఆమె పేరుంది. ఆ సాయంత్రం నేరుగా ఆమె ఇంటికి వెళ్లి అడిగాను, ఆ మాట నీదే కదా అని.

చిన్నమ్మ అవునన్నట్టు తలూపింది. "నీకు ఏసిన మార్కులు తప్పని ఇప్పటికీ అనుకుంటలేను బిడ్డా," అంది. "గని సీటు రాలేదని తెలిసిన్నాడు నాకు గూడ ముద్ద దిగలే."

ఆ ఒక్క మాట నేను వినడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ పదకొండేళ్లూ మేమిద్దరం ఒకే ఊళ్లో, నాలుగు గల్లీల దూరంలోనే ఉన్నాం.